ఎండ రాసిన పేరు

అతన్ని ఆ సందుల్లో అందరూ కంపెనీ అనే పిలిచేవారు. "ఏమయ్యా కంపెనీ, ఇవాళ ఆలస్యమైందే?" "కంపెనీ, రేపు ఇంకో ట్రే ఎక్కువ తీసుకురా." కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండకపోలేదు గానీ అది గుర్తింపు కార్డులో తప్ప మరెక్కడా పనికొచ్చేది కాదు. తెల్లవారుతుండగానే బ్రెడ్డూ బన్నులూ చేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రేలు వెనకాల కట్టుకుని, ఊరు పళ్ళు తోముకునేలోపు కొట్లన్నిటికీ సరుకు వేసి రావడం అతని పని. మీసం నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాడు, అది నెరిసేదాకా చేశాడు.

బండి అతని సొంతం. పెట్రోలు అతనిది, టైర్లు అతనివి, వానలో జారితే పగిలే మోకాలిచిప్ప అతనిది. కంపెనీది ఒక్క స్టిక్కరే. సీటు కింద రెండు పక్కలా ఉండే నల్లటి ప్లాస్టిక్ సైడు ప్యానెళ్ళ మీద పసుప్పచ్చ స్టిక్కర్లు, ఒక గోధుమ వెన్ను బొమ్మ, దాని కింద అరచేయంత అక్షరాల్లో కంపెనీ పేరు. అంటించిన రోజున అతను బండిని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుని మురిసిపోయాడు. పిచ్చి మారాజు, ఊరికే వాళ్ళకి బోర్డు మోసిపెడుతున్నానని తట్టలేదు.

తరవాత కంపెనీ చిన్న వ్యాన్లు కొంది. బండ్లవాళ్ళు అక్కర్లేకపోయారు. ఆ మాట చెప్పడానికి వచ్చినవాడు ఎవరనుకున్నారు? సూపర్‌వైజరు. కొత్తగా చేరినప్పుడు ఇతని వెనక సీట్లో కూర్చుని, అన్నా అన్నా అంటూ సరుకు వేసే లైన్లన్నీ నేర్చుకున్నవాడు. ఏ కొట్టువాడు పొద్దున్నే చిరాకు పడతాడో, ఏ కొట్లో ఎలుకలున్నాయో, ఏ సందులో కుక్క కాలు పట్టుకుంటుందో అన్నీ కూర్చోబెట్టి చెప్పింది ఇతనే. ఆ తమ్ముడు గేటు దగ్గర నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని అన్నాడు.

"బండి మీద స్టిక్కర్లు తీసేసి వెళ్ళన్నా. బయటివాళ్ళ బండి మీద కంపెనీ పేరు ఉండకూడదట."

"ఇంటికెళ్ళి తీస్తాలే."

"ఇక్కడే తియ్యాలన్నా. పైనుంచి ఆర్డరు."

తోటివాళ్ళందరూ చూస్తుండగా బ్లేడు పెట్టి గీకించారు. ఎండకి అట్టకట్టుకుపోయిన స్టిక్కరు ముక్కలు ముక్కలుగా వచ్చింది. మిగిలిన జిగురు కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. తుడిచి చూస్తే, స్టిక్కరు పోయింది గానీ పేరు పోలేదు. ఇన్నేళ్ళ ఎండకి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ బూడిదరంగుకి తిరిగిపోయింది. స్టిక్కరు కప్పినంత మేర మాత్రం కొన్ననాటి నలుపు అలాగే ఉంది. అక్షరాలను అంచుల వెంబడి కత్తిరించి అంటించిన స్టిక్కరేమో, గోధుమ వెన్నుతో సహా పేరు స్పష్టంగా చదవడానికొస్తోంది. సూపర్‌వైజరు దాని వంక ఒకసారి చూసి, అది తన పరిధిలోది కాదన్నట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

ఇతని భార్య సంగతి చెప్పాలి. ఆవిడ నోరు మంచిది కాదని వీధిలో పేరు. చెయ్యి మంచిదని ఎవరూ అనలేదు, ఎందుకంటే ఆ చేతి వంట తిన్నవాడు ఈయనొక్కడే, ఈయనకి మెచ్చుకోవడం రాదు. అమ్ముడుపోక వెనక్కొచ్చిన కంపెనీ బ్రెడ్డు ఏళ్ళ తరబడి తిని విసిగిపోయి, "ఇంతకంటే దిండులో దూది నయం" అనేది ఆవిడ. మొగుడి ఉద్యోగం పోయిన వారం, వెల్డింగు షాపులో పాత డ్రమ్ముకి తలుపు పెట్టించి, కింద గ్యాసు మంట అమర్చి, వెనక వరండాలో ఓవెను నిలబెట్టింది. బన్నులు మొదలుపెట్టింది.

మొదట్లో మాడ్చింది. పచ్చిగా దించింది. ఆ డ్రమ్ముకి ఎడమ పక్క వేడెక్కువ, కుడి పక్క తక్కువ. అది కనిపెట్టాక, సగం కాలగానే ట్రే బయటికి లాగి, అటుది ఇటు తిప్పి మళ్ళీ లోపలికి తోసేది. ఆయన వాసనకి ఆగలేక చెయ్యి చాపితే చేతి మీద గరిటెతో ఒక్కటిచ్చేది. "ఉండండి. ఆ పక్క ఇంకా అవ్వలేదు." అయ్యాక దించిన బన్ను చూడాలి. పైన పల్చటి గోధుమరంగు, లోపల విప్పితే ఆవిరి, నోట్లో పెట్టుకుంటే నమలాల్సినంత నమలాలి, అంతే. కంపెనీవాళ్ళు వంద జన్మలెత్తినా అది చెయ్యలేరు. ఇది ఆయన మాట కాదు, నా మాట.

వ్యాన్లు పెద్ద రోడ్లకే. ఇరుకు సందుల్లో కొట్లని కంపెనీ వదిలేసింది. ఇతను ఆ సందులకే వెళ్ళాడు. అదే బండి, అదే వేళ, అదే హారను. కొట్లవాళ్ళు ట్రే దించుకున్నారు. ఇది మా ఆవిడ చేసిందని అతను చెప్పలేదు, ఎవరు చేసిందని వాళ్ళు అడగలేదు. చెబుదామని మొదటి రోజు నోటిదాకా వచ్చింది. కొట్టువాడు తొందరలో ఉన్నాడు. రేపు చెబుదాంలే అనుకున్నాడు. రేపు కాస్తా ఎల్లుండయింది, తరవాత ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారన్న బెరుకు పట్టుకుంది.

వారం తిరక్కుండా మెప్పులు మొదలయ్యాయి. "ఈమధ్య మీ కంపెనీ సరుకు బాగుపడిందయ్యా, మనుషులు తినేలా ఉంది" అన్నాడు టీ కొట్టాయన. ఇతను ఇంటికి రాగానే ఆవిడ చేతులకంటిన పిండి దులుపుకుంటూ ఎదురొచ్చేది.

"ఏమన్నారు?"

"బాగుందన్నారు."

మాటలో ముందు సగం దారిలో పారేసి, వెనక సగం ఇంటికి తెచ్చేవాడు. ఆవిడ ఆ సగంతోనే కడుపు నింపుకునేది. ఉన్న రెండు గాజులూ తీసి గూట్లో పెట్టి, తెల్లవారుజామున పిండి పిసుకుతూ తనలో తనే నవ్వుకునేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అలా నవ్వడం ఆయన చూడలేదు. చూశాక చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

ఒక పొద్దున టీ కొట్టు ముందు సూపర్‌వైజరు తగిలాడు. వ్యాను పాడై నడిచి వెళ్తున్నాడట. బండిని చూశాడు, ట్రే చూశాడు, వంగి సైడు ప్యానెల్ చూశాడు.

"ఏంటన్నా ఇది? కంపెనీ పేరు పెట్టుకుని నీ సరుకు అమ్ముకుంటున్నావా?"

"నేనెక్కడ పెట్టుకున్నాను? స్టిక్కరు నువ్వే గీకించావుగా. ఇది ఎండ రాసింది."

"ఎండ రాసిందో ఎవరు రాశారో నాకనవసరం. మళ్ళీ కనబడితే పోలీసు కంప్లయింటే."

కొట్టాయన లోపల పాలు పొంగి వాటి గోలలో ఉన్నాడు కాబట్టి ఏమీ వినలేదు. ఇతనికి అదొక్కటే ఊరట. కానీ ఇంటికొచ్చి పెళ్ళానికి పోలీసుల సంగతి దాచలేకపోయాడు. ఆవిడ భయపడుతుందనుకున్నాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"నా బన్ను వాళ్ళ పేరుతోనా? అయ్యో, ఎంత ఖర్మ పట్టింది. చెరిపెయ్యండి. ఆ పేరు ఒక్క అక్షరం కనబడటానికి వీల్లేదు. నా బన్ను నా బన్నుగా అమ్ముడుపోతే పోతుంది, లేకపోతే లేదు."

లేకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆ ఇంట్లోకి ఇంకో దారిన వచ్చేదేమీ లేదు.

అప్పటినుంచి ఆ నలుపు కోసం అతను పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. ముందు వంటనూనె రాశాడు. మధ్యాహ్నం దాకా నిగనిగలాడింది, సాయంత్రానికి ఊళ్ళో దుమ్మంతా దానికే అంటుకుంది. బావమరిది వచ్చి, "బూటు పాలిష్ కొట్టు బావా, నల్లటిది, నా బండికి కొట్టాను" అని సలహా ఇచ్చాడు. కొట్టాడు. మొదటి జల్లుకే పాలిష్ దిగి ఒకే ఒక్క మంచి ప్యాంటు మోకాలి దగ్గర నుంచి పిక్కదాకా నల్లబడింది. బావమరిది బండికి అసలు సైడు ప్యానెళ్ళే లేవని ఇతనికి ఆ తరవాత గుర్తొచ్చింది. పైగా ఏది రాసినా బూడిదరంగుతో పాటు అక్షరాలూ నల్లబడుతున్నాయి. తేడా తేడాగానే ఉంది. గోధుమ వెన్ను మునుపటికంటే ముద్దుగా మెరుస్తోంది.

చివరికి వీధి మలుపులో విరిగిన బకెట్లూ కుర్చీలూ బంపర్లూ అతికే మనిషి దగ్గరికి వెళ్ళాడు. ఆయన ప్యానెల్ మీద గోరుతో గీసి చూశాడు.

"పైన రాస్తే ఏం లాభం? పై పొర ఎండకి చచ్చిపోయింది. హీట్ గన్‌తో వేడిగాలి కొట్టు. లోపలి నలుపు పైకొస్తుంది. ఒకచోట ఆపకు, ఆపావంటే గరుకు కరిగి నున్నగా అయిపోతుంది. మళ్ళీ మళ్ళీ కొట్టకు, పెళుసెక్కి అప్పడంలా విరుగుతుంది."

"పేరు కనబడదుగా?"

"కనబడదు. కానీ ఎండలో పెట్టకు. పెట్టావంటే చచ్చిన చోటే మళ్ళీ తెల్లబడుతుంది. స్టిక్కరు కింద ఉన్నది ఎప్పుడూ మంచిదే, అది నల్లగానే ఉంటుంది. నీ పేరు నీకొచ్చేస్తుంది."

నా పేరు కాదులే అనబోయి ఊరుకున్నాడు. హీట్ గన్ అరువడిగి తెచ్చుకున్నాడు.

ఆ ఆదివారం భార్యాభర్తలిద్దరూ వరండాలో కూర్చున్నారు. స్క్రూలు విప్పి ప్యానెళ్ళు ఊడదీశాడు. సబ్బునీళ్ళతో పళ్ళు తోమే బ్రష్షు పెట్టి గరుకు సందుల్లోంచి నూనె, పాలిష్, ఏళ్ళనాటి మురికి వదిలేదాకా తోమాడు. ఆరబెట్టాడు. ఆవిడ గుడ్డతో ఒక అంచు పట్టుకుంది. గన్ను మొదలెట్టగానే కాలిన ప్లాస్టిక్ వాసన బన్నుల వాసన మీదికొచ్చింది. కాసేపు ఏమీ కాలేదు. తరవాత ఒక మూలన తడి పాకినట్టు నలుపు వచ్చింది. గన్ను ఎటు కదిలిస్తే నలుపు అటు పాకింది. బూడిదరంగు దాని ముందు వెనక్కి వెనక్కి జరుగుతూ పోయింది. మొదటి అక్షరం కాళ్ళు మునిగాయి, తరవాత తల. గోధుమ వెన్ను గింజ గింజగా పోయింది. ఆవిడ నోరు తెరుచుకుని చూస్తోంది.

"అయ్యబాబోయ్. కొత్తది కొన్నట్టే ఉందండీ."

కింద మూల ఒక్కచోట, ఆవిడ మొహం చూస్తూ చెయ్యి ఆపాడు. వేలెడు మేర గరుకు కరిగి నున్నబడింది. అదొక్కటే మచ్చ. రెండో ప్యానెల్, వెనక తోకముక్క, ముందు మడ్గార్డు అన్నీ ఒక్క తీరుగా నల్లబడ్డాయి. చల్లారాక అవిసెనూనె ఒక్క చుక్క గుడ్డకి తీసుకుని పల్చగా రుద్ది, మిగిలింది తుడిచేశాడు. "మీ చెయ్యి కూడా మంచిదే" అంది ఆవిడ. చెబితే అప్పుడే చెప్పాలి. ఆ కొట్లవాళ్ళందరూ ఇది కంపెనీ బన్నే అనుకుంటున్నారే, అని ఒక్క ముక్క. అతను స్క్రూలు బిగించుకున్నాడు. మనిషి మంచివాడే గానీ, ఈ ఒక్క పిరికితనానికి అతన్ని నేను క్షమించలేను.

ఆవిడ ఊరుకుందా? ఎండ తగలకూడదని బంపర్లాయన అన్న మాట చెవిన వేసుకుని, రెండు పాత దుప్పట్లు కలిపి బండికి తొడుగు కుట్టింది. కుట్టి, "రేపు నేనూ వస్తాను" అంది.

"నువ్వెందుకు?"

"చూడాలనుంది. నేను చేసింది తిన్నవాళ్ళ మొహాలు ఒక్కసారి చూస్తే తప్పా?"

తెల్లవారేసరికి మంచి చీర కట్టుకుని, ట్రే కట్టగా మిగిలిన సీటు మీద ఒదిగి కూర్చుంది. దారి పొడుగునా బండి నలుపు చూసుకుంటూ వచ్చింది. టీ కొట్టు ముందు దిగారు.

"ఏం కంపెనీ, బండి మార్చావా ఏంటి?" అన్నాడు కొట్టాయన, ట్రేలోంచి బన్ను తీసి కొరుకుతూ. రోజూ మొదటి బన్ను ఆయన అక్కడే నిలబడి తింటాడు.

ఆవిడ చనువుగా ముందుకొచ్చింది. "పాత బండేనండీ. కంపెనీ పేరు తీసేశాం, మాకెందుకని. బన్నులు నేనే చేస్తాను. రోజూ బాగున్నాయంటారట మీరు."

కొట్టాయన నమలడం ఆపాడు. ఆవిడని చూశాడు, అతన్ని చూశాడు. "కంపెనీ సరుకు కాదా ఇది?"

"కంపెనీ మాన్పించేసి చాలా రోజులైందండీ" అన్నాడు అతను, నేల చూస్తూ.

"అదీ సంగతి. ఇవాళ కొరకగానే ఏదో తేడా కొట్టింది. ఇంట్లో చేసినవాటికి ఆ రుచి ఎక్కడిది?" సగం బన్ను బల్ల మీద పెట్టాడు. మాటలో కోపం కూడా లేదు, కొనేవాడి పెద్దరికం ఉందంతే. "ఏమీ అనుకోకమ్మా. నిన్నటిదాకా తెచ్చాడే, అవి తెప్పించు. తీసుకుంటాను."

"నిన్నటివీ ఇవేనండీ. ఇదే పిండి, ఇవే చేతులు."

"లేదమ్మా. ఇన్నేళ్ళుగా తింటున్నాను, నాకు తెలీదా?"

ఆవిడ నోరు గురించి ముందే చెప్పాను. వీధి కుళాయి దగ్గర నలుగుర్ని ఒక్కతే నిలబెట్టి కడిగేసే మనిషి. ఆ పొద్దున ఆ నోటికి ఒక్క మాట రాలేదు. బల్ల మీది సగం బన్ను తీసుకుని కొంగులో పెట్టుకుని వచ్చి సీటెక్కింది.

పక్క సందులో కిరాణా కొట్టావిడ, "ఇన్నాళ్ళూ ఇంటి సరుకు కంపెనీదని అంటగట్టావా, నమ్మినందుకు బాగా బుద్ధి చెప్పావయ్యా" అంది. అతను అలా అననే లేదు. అనలేదని ఎవరితో చెప్పుకోవాలి? ఒకరిద్దరు మొహమాటానికి నాలుగు తీసుకున్నారు. ఎండ ఎక్కేసరికి నిండు ట్రేతో వెనక్కి తిరిగారు.

దారిలో ఆవిడ అడిగింది.

"బాగున్నాయని అన్న మాట నిజమేనా?"

"ఒట్టు. అందరూ అన్నారు."

"ఏవి బాగున్నాయన్నారు?"

అతను గేరు మార్చాడు. ఇంటికొచ్చి ఆవిడ ఆ మంచి చీర మడిచి లోపల పెట్టేసింది.

ఆ తరవాత ఎలా గడిచిందో ఏం చెప్పను. బన్నులు తగ్గించింది. అమ్ముడుపోనివి ఇద్దరూ తిన్నారు, ఇరుగుపొరుగుకి పంచారు. ఊరికే ఇస్తే మాత్రం, ఎవరు చేశారని ఎవరూ అడగలేదు, లొట్టలేసుకుంటూ తిన్నారు. అతను పొద్దున ఒక రౌండు వెళ్ళొచ్చి, మధ్యాహ్నాలు కాపలా ఉద్యోగాల కోసం గేటు గేటుకీ తిరిగాడు. వయసెంతని అడిగి పంపేశారు. బండి మాత్రం తొడుగు కింద నిగనిగలాడుతూ ఉండేది. రాగానే తొడుగు తొడగడం, వెళ్ళేటప్పుడు ముట్టుకుంటే మాసిపోతుందన్నట్టు తియ్యడం. ఇంట్లో కొత్తగా ఉన్నది అదొక్కటే మరి.

ఎండలు ముదిరాయి. అతను పొద్దుటి రౌండు మానేసి, ఎక్కడికైనా నడిచే వెళ్ళడం మొదలుపెట్టాడు. పెట్రోలు దండగని ఆవిడే అంది. బండి పెరట్లో తొడుగు కింద ఉంది, తీసి చూడాల్సిన పని అతనికి పడలేదు.

ఒక మధ్యాహ్నం, ఇంకో గేటు దగ్గర లేదనిపించుకుని, చెమటలు కక్కుకుంటూ ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళాడు. తొడుగు నీట్‌గా మడిచి రాయి మీద పెట్టి ఉంది. బండి నడి పెరట్లో, నీడ అనేది లేని చోట, నిటారుగా స్టాండు వేసి ఉంది. ఉతకడానికి తీసిందేమో అనుకున్నాడు. దగ్గరికి వెళ్ళాడు.

ఎడమ ప్యానెల్ బూడిదరంగుకి తిరిగింది. అందులోంచి గోధుమ వెన్ను తేలింది. కింద కంపెనీ పేరు, అక్షరం పొల్లుపోకుండా. ఇది ఒక్క రోజు ఎండ పని కాదు. రోజూ తను గడప దాటగానే ఎవరో తొడుగు తీసి, తను వచ్చేలోపు మళ్ళీ కప్పేస్తూ వచ్చారు. ఇవాళ తనే త్వరగా వచ్చేశాడు.

నేల మీద చక్రాల గుర్తులు చూశాడు. బండి మొన్నటిదాకా గోడవైపు మొహం పెట్టి ఉండేది. ఇప్పుడు వీధివైపు తిరిగి ఉంది. ఎండ ఇప్పుడు కుడి ప్యానెల్ మీద పడుతోంది. అక్కడ నలుపు ఇంకా పూర్తిగా పోలేదు, అక్షరాలు మసగ్గా ఉన్నాయి. అంత బరువు బండిని ఆవిడ ఒక్కతే ఎలా తిప్పిందో.

అతనికి ఏడుపొచ్చింది. రాయి మీది తొడుగు అందుకుని, దులిపి, కప్పబోయాడు.

వరండాలోంచి గొంతు వినిపించింది. ఆవిడ ఓవెను ముందు, ఇటు వీపు పెట్టి కూర్చుంది. తిరిగి చూడలేదు.

"ఉండనివ్వండి. ఆ పక్క ఇంకా అవ్వలేదు."

అతను తొడుగు మడిచి మళ్ళీ రాయి మీద పెట్టేశాడు. కొట్టాయన తెప్పించమన్న పాతవే తెచ్చానంటూ సోమవారం నుంచి సందులకి వెళ్ళాలి, టైర్లలో గాలి చూసుకోవాలనుకున్నాడు.